గుమ్మడికాయ పగిలేలోపే

సినిమాల్లో ప్రొడక్షన్ మేనేజరుగా చేరతామని నా దగ్గరికి వచ్చే పిల్లలు మొట్టమొదట అడిగేది ఒకటే. "ఫలానా హీరో దగ్గర్నుంచి చూస్తే ఎట్లుంటడు పెద్దనాయనా?" నాకెట్లా తెలుస్తుంది? నా సర్వీసంతా హీరోల ప్లేట్లు చూశాను గానీ మొహాలు చూడలేదు. ప్లేటులో కూర మిగిలితే ఆయనకు కోపం వచ్చిందని, ప్లేటే తిరిగి రాకపోతే ఆ కోపం ఎవరి మీదో విసిరాడని లెక్క.

మన ఉద్యోగం అది. తెల్లారేసరికి టీ కావాలి. సీన్లో వాన పడాలంటే ట్యాంకరు తేవాలి, పడకూడదంటే దేవుణ్ణి తేవాలి. రెండూ మనమే తేవాలి. వాన పడినా తిట్లు మనకే, పడకపోయినా మనకే. తెర మీద మన పేరు వచ్చేసరికి జనం చెప్పులు వెతుక్కుంటూ ఉంటారు.

నారాయణఖేడ్ బస్టాండు వెనక మా నాయనకు చిన్న కిరాణా దుకాణం ఉండేది. ఇంట్లో కన్నడం, గల్లా దగ్గర తెలుగు, ఉద్దెర ఎగ్గొట్టేవాళ్లతో ఉర్దూ. మూడు భాషల్లో మర్యాదగా డబ్బులు అడగడం అక్కడే నేర్చుకున్నాను. సినిమా రంగానికి అంతకు మించిన చదువు లేదు, ఏ కాలేజీలోనూ చెప్పరు.

మాణిక్యం మాట

నాకు పని నేర్పినవాడు మాణిక్యం. పొట్టివాడు, బొంగురు గొంతు, ఎప్పుడూ చంకలో తోలు సంచి. చేరిన మొదటి రోజే నన్ను పక్కకు పిలిచి చెప్పాడు.

"ఒరే సంగప్పా, సినిమా మొదలయ్యే రోజు కొబ్బరికాయ కొడతరు. ఆఖరి షాటు అయినంక దిష్టి తియ్యనీకి బూడిద గుమ్మడికాయ కొడతరు. కొబ్బరికాయ కొట్టిననాడు నిర్మాత నీకు కన్నతండ్రి. గుమ్మడికాయ కొట్టినంక నువ్వెవరో ఆయనకు యాదికుండదు. రావాల్సింది ఏదున్నా, కాయ పగిలేలోపే రావాలె."

దీనికి ఆయన దగ్గర ఒక సాక్ష్యం కూడా ఉండేది. ఏదో యుద్ధం సినిమాకు గుర్రాన్ని అద్దెకిచ్చిన ఒకాయన, పాపం మొహమాటస్తుడు, గుమ్మడికాయ పగిలాక వెళ్లి అద్దె అడిగాడట. "ఏ గుర్రం?" అన్నాడట నిర్మాత. గుర్రం పక్కనే నిలబడి ఉంది.

అందుకే మా లైట్‌మెన్ ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. ఆఖరి రోజు బత్తా, అంటే దినకూలీ, చేతిలో పడ్డాకే గుమ్మడికాయ. కాయ పగలనిదే జనరేటర్ వ్యాను కదలదు. ఎంత పెద్ద నిర్మాత అయినా సరే. దీన్ని మూఢనమ్మకం అని నవ్వే చదువుకున్నవాళ్లను చూశాను. జీతం ఎగ్గొట్టించుకున్న మర్నాడు వాళ్లే నన్ను గుమ్మడికాయ ధర అడిగారు.

ఇంకొక మాట. అరిచే నిర్మాతకు ఎప్పుడూ భయపడకండి. అరిచేవాడు జేబులో ఉన్నది ఖర్చు పెట్టాల్సి వస్తోందని అరుస్తాడు. నవ్వుతూ భుజం మీద చెయ్యి వేసే నిర్మాత దొరికితే మాత్రం వెంటనే మీ జేబు తడుముకోండి.

లోపల్నుంచి తెలిసిన పాత్ర

నా ఆఖరి నిర్మాత పరంధామయ్య అట్లాంటివాడే. తెల్లబట్టలు, నుదుట గంధం, నా కుడి భుజం మీద ఎప్పుడూ ఆయన ఎడమ చెయ్యి.

"సంగప్పా, ఇది సినిమా కాదయ్యా, సమాజసేవ" అన్నాడు.

కథ ఏమిటంటే, ఒక చిన్న ఊళ్లో ఫైనాన్స్ కంపెనీ తెరిచి, ఎక్కువ వడ్డీ ఆశ చూపి, జనం డబ్బులతో ఉడాయించే ఘరానా మోసగాడి కథ. నవ్విస్తూ నవ్విస్తూ చివర్లో ఏడిపించాలని డైరెక్టర్ ప్రణవ్ కోరిక. ముప్పై ఏళ్లు కూడా నిండని మనిషి, మనసు వెన్న, లోకజ్ఞానం సున్న. మోసగాడి వేషానికి మంచి నటుణ్ణి చూద్దామని ప్రణవ్ అంటే పరంధామయ్య ఒప్పుకోలేదు.

"ఆ పాత్ర నేనే వేస్తాను. నాకు లోపల్నుంచి తెలుసు" అన్నాడు.

మేమంతా నవ్వాం. ఆయన నవ్వలేదు. అప్పుడే అర్థం కావాల్సింది.

తర్వాత ఆ సినిమా ఫోన్లలోకి వచ్చింది. మీలో కొందరు చూసే ఉంటారు. చూసినాయన ఒకరు, "ఇంత చదువుకున్న కాలంలో జనం ఇంత తేలిగ్గా మోసపోతారా? నమ్మశక్యంగా లేదు" అని దాని కింద రాశారు. ఆయన్ను ఒకసారి మా బజారుకు తీసుకొచ్చి చాయ్ తాగించాలని నాకు ఇప్పటికీ ఉంది.

ఖర్చు తగ్గుతుందని షూటింగుకు మా నారాయణఖేడ్ అనుకున్నాం. మెయిన్ రోడ్డు మీద మూతపడ్డ బట్టల దుకాణంలో ఆఫీసు సెట్టు వేశాం. పైన "నిశ్చింత ఫైనాన్స్" అని ధగధగలాడే బోర్డు. లోపల అద్దాల కౌంటరు, పెద్ద లక్ష్మీదేవి పటం, ప్లాస్టిక్ చెట్లు. ఏసీ డబ్బాలో మిషను లేదు. లాకరుకు వెనక గోడ లేదు. అటు వైపు వెళ్తే సిమెంటు బస్తాలు.

జనం సహజంగా కనపడాలని ప్రణవ్ కెమెరాను ఎదురు మేడ మీద పెట్టి అడ్డంగా పరదా కట్టించాడు. కింద మాత్రం హైదరాబాదు నుంచి తెచ్చిన జూనియర్ ఆర్టిస్టులు సంచులు పట్టుకుని, డబ్బు కట్టడానికి తోసుకుంటూ లైనులో నిలబడేవాళ్లు. మా ఊరివాళ్లకు లైను కనపడితే కాలు ఆగదు. ముందు నిలబడతారు. ఎందుకో తర్వాత ముందున్నవాణ్ణి అడుగుతారు.

షూటింగు సంగతి తెలియదా అంటే, ఊరందరికీ తెలుసు! అదే గమ్మత్తు. సినిమా తీస్తున్నది పక్క గల్లీలోనని, దానికి పెట్టుబడి పెట్టేది ఈ ఆఫీసేనని పరంధామయ్య మనుషులు చాయ్ హోటళ్లలో ప్రచారం చేశారట. సినిమావాళ్లకే అప్పిచ్చే కంపెనీ అంటే ఎంత గట్టిదై ఉండాలి! మనూర్ నుంచి, నాగల్‌గిద్ద నుంచి కందులు అమ్ముకున్నవాళ్లు ఆటోల్లో దిగడం మొదలైంది. నేను వాళ్లను చూసి, షూటింగు చూడ్డానికి వచ్చారనుకుని సంబరపడి మంచినీళ్లు కూడా ఇప్పించాను.

అరిచిన డబ్బా

గుట్టు ఎట్లా బయటపడిందో వినండి. పరంధామయ్య కౌంటరు వెనక నిలబడి తన పెద్ద డైలాగు చెప్తున్నాడు. "మీ డబ్బు నా దగ్గర లేదు. మీ నమ్మకం నా దగ్గర ఉంది. అది..." అంటుండగా కౌంటరు మీదున్న చిన్న డబ్బా, దుకాణాల్లో డబ్బులు పడితే అరుస్తుందే అదే, గట్టిగా అరిచింది.

"అరవై వేల రూపాయలు అందినవి."

మేడ మీది నుంచి ప్రణవ్ మైకులో కేక పెట్టాడు. "కట్! ఆహా! ఎవరిదండీ ఈ ఐడియా? అద్భుతం!"

ఎవరి ఐడియా కాదు. ఆ డబ్బా సెట్టు సామాన్ల జాబితాలో లేదు. దాని పక్కన అతికించిన క్యూఆర్ కోడు ఎవరిదని ఆరా తీస్తే, పరంధామయ్య బావమరిది ఖాతాది. ఆ కోడు ముందు ఫోన్ పట్టుకుని ఒక ఆడపిల్ల, గ్రేసు. పక్కన జొన్నరొట్టెల గంప నెత్తిన పెట్టుకుని వాళ్ల అమ్మమ్మ, మా మార్తక్క.

మార్తక్కది మనూరు దగ్గర చిన్న పల్లె. మా దుకాణంలో పప్పు చెరగడానికి వచ్చినప్పటి నుంచి నాకు తెలుసు. భర్త పోయాక రెండెకరాల చెల్క ఒక్కతే సాగు చేసింది. చర్చిలో పాట మొదలుపెట్టేది ఆమే, ఊళ్లో పంచాయితీ ముగించేదీ ఆమే. యూనిట్‌కు రొట్టెలు చేసిపెట్టమని నేనే పిలిచాను.

"అక్కా, ఎంత పని చేసినవ్! ఇది సినిమా ఆఫీసు. అసలుది కాదు!"

"ఆఫీసు అసలుది గాకపోతే పైసలెట్ల తీస్కున్నరు తమ్మి? పైసలైతే అసలుయే గద!"

"ఎవరు చెప్పిండ్రు నీకు ఇక్కడ కట్టమని?"

"ఎవ్వరు చెప్పాలె? నువ్వు రోజు గీండ్లకు పోతుంటివి, వస్తుంటివి. గా సేటు నీ భుజం మీద చెయ్యేసి మాట్లాడుతుండు. సంగప్ప ఉన్నడు గద అని ఏసిన."

నా భుజాన్ని పూచీకత్తు కింద వాడుకున్నాడు, చండాలుడు!

అవి కందులమ్మిన పైసలు. గ్రేసుకు సంగారెడ్డిలో నర్సింగు సీటు వచ్చింది, సోమవారం లోపల ఫీజు కట్టాలి, లేకపోతే సీటు వేరేవాళ్లకు పోతుంది. నాలుగు రోజులు ఇక్కడ పెడితే బట్టల ఖర్చులకు నాలుగు రూకలు కలుస్తాయని ఎవరో లైనులో చెప్పారట. ఆ పిల్ల నా మొహం వైపు చూడకుండా ఫోను వైపే చూస్తూ నిలబడింది.

నేను నేరుగా పరంధామయ్య దగ్గరికి పోయాను. ఆయన మేకప్ తుడుచుకుంటున్నాడు.

"సార్, వాళ్ల డబ్బులు వాళ్లకు ఇచ్చెయ్యండి. ఊళ్లో తలెత్తుకోలేను."

"అవి డిపాజిట్లు కావయ్యా, కళాభిమానం. రసీదు చదువుకోమను. కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది, 'సినిమా అభివృద్ధికి స్వచ్ఛంద విరాళం' అని."

"వడ్డీతో తిరిగి ఇస్తానని మీరే అన్నారట కదా?"

"నేనా? అన్నది పాత్ర. పాత్ర అన్న మాటలకు నేనెట్లా బాధ్యుణ్ణవుతాను? హంతకుడి వేషం వేసినవాణ్ణి ఉరి తీస్తారా?"

ఇంత తెలివి ఉన్నవాడు కథలు రాసుకుంటే ఎంత బాగుండేది! తెలిసిన వకీలును అడిగాం. కేసు వెయ్యొచ్చు, గెలవొచ్చు కూడా, కానీ సోమవారం లోపల కాదు అన్నాడు. మోసాల మీద సినిమా ఎక్కణ్ణుంచి వచ్చిన డబ్బులతో తీస్తున్నామో ప్రణవ్‌కు చెప్తే, పాపం, రెండు పూటలు అన్నం తినలేదు. మూడో పూటకు, "ఇది కూడా సినిమాలో పెడదామా అండీ?" అన్నాడు. డైరెక్టర్లంతే.

ఆదివారం

శనివారం సాయంత్రం మార్తక్క పొయ్యి దగ్గరికి పోయి, మర్నాటికి ఒక మంచి బూడిద గుమ్మడికాయ కావాలని చెప్పాను. ఆమె పెరట్లో పందిరంతా అవే.

"దేనికి?"

దిష్టి సంగతి చెప్పాను. లైట్‌మెన్ కట్టుబాటు చెప్పాను. మాణిక్యం మాట, గుర్రం కథ కూడా చెప్పాను.

"కొట్టకుంటే ఏమైతది?"

"ఏమో అక్కా. పోయిన సినిమాకు మా సేటు తొందరలో కొట్టకుండ పోయిండంట. ఆ సినిమా ఇప్పటిదాక రిలీజు గాక డబ్బాల్నే ఉన్నది. అప్పటిసంది ఆయనకు గుమ్మడికాయంటే దేవుని కన్న ఎక్కువ భయం. రేపు నాలుగున్నరకు రాహుకాలం వస్తదని, ఆలోపే కొట్టాలని జ్యోతిష్యుడు చెప్పిండంట."

మార్తక్క రొట్టె తిప్పేసి, "గట్లనా" అంది. అంతే.

ఆదివారం ఆఖరి సీను. మోసపోయిన జనం కంపెనీ మీద పడే సీను. జనం కావాలన్నారు. నిజంగా డబ్బు కట్టినవాళ్లనే ఇల్లిల్లూ తిరిగి పిలుచుకొచ్చాను. కూలీ అడగని జనం దొరికారని పరంధామయ్య నా భుజం తట్టాడు.

"యాక్షన్!" అన్నారు. నేను చూసిన సినిమాల్లో అట్లాంటి సీను ఇంకొకటి లేదు. "మా పైసలు మాకియ్యి!" అని ఒక్కసారి లేచిన అరుపుకు లక్ష్మీదేవి పటం కింద పడింది. ఏసీ డబ్బా ఊడి వచ్చింది. పరంధామయ్య మొహంలో భయం ఎంత బాగా పలికిందో! ప్రణవ్ "కట్" అన్నాడు. ఎవరూ ఆగలేదు. "కట్, కట్, చాలండీ, బాగా చేశారు!" అన్నాడు. బాగా చెయ్యడం అప్పుడే మొదలైంది.

జనం మధ్యలోంచి దారి చేసుకుని మార్తక్క వచ్చింది. చర్చి నుంచి నేరుగా వచ్చింది, తెల్లచీర. చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఇంత లావు గుమ్మడికాయ ఎత్తుకుని ఉంది. వచ్చి ఆఫీసు గడపలో కూర్చుని, కాయను ఒళ్లో పెట్టుకుంది.

"సేటూ, నా పైసలు, గీళ్ల పైసలు ఇయ్యి. కాయ తీస్కపో."

"ఏమ్మా, చర్చికి పోయేదానివి, నీకు దిష్టేమిటి, గుమ్మడికాయేమిటి?" అన్నాడు పరంధామయ్య, నవ్వు తెచ్చుకుని.

"నాకెక్కడి దిష్టి? మేం దీంతోటి వడియాలు పెట్టుకుంటం. నీకున్నది గద!"

ఆయన డ్రైవరును బజారుకు తోలాడు, ఇంకొక కాయ తెమ్మని. కూరగాయల వాళ్లందరూ లైనులో నిలబడి కట్టినవాళ్లే! కాయలు ఎదురుగా పెట్టుకుని, "లేవు, ఖతమైనయ్" అన్నారట. డ్రైవరు ఊరంతా తిరిగి చివరికి ఒక పుచ్చకాయ తెచ్చాడు. మా లైట్‌మెన్ పెద్ద యూసుఫ్ భాయ్ దాన్ని ఎగాదిగా చూశాడు.

"తర్బూజ కొడితే దిష్టి పోదు సాబ్. ఈగలొస్తయ్. అసలు కాయ పగలంది నా వ్యాను కదలదు."

పరంధామయ్య నా వైపు తిరిగాడు. "సంగప్పా, గుమ్మడికాయ నీ డ్యూటీ కదా! తీసుకో ఆమె దగ్గర!"

"తెప్పించేదాకే నా డ్యూటీ సార్. వచ్చింది కదా. కొట్టాల్సింది మీరు" అన్నాను. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఒక నిర్మాతకు ఇట్లాంటి జవాబు చెప్పాలని ఎంత ఆశగా ఉండేదో! ఆ ఒక్క మాటతో నా అరగని తిట్లన్నీ అరిగిపోయాయి.

ఆయన గడియారం చూశాడు. జనాన్ని చూశాడు. మళ్లీ గడియారం చూశాడు. దేవుడికి, చట్టానికి, మా ఊరి ఉసురుకు భయపడనివాడు రాహుకాలానికి చెమటలు కక్కాడు. పక్కకు పోయి బావమరిదికి ఫోన్ చేశాడు. నాలుగు కాకముందే కారు వచ్చింది. కారులో సంచి, సంచిలో నోట్లు.

పేరు పేరునా పిలిచి నేనే పంచాను. మొదట గ్రేసుకు ఇచ్చాను. ఆ పిల్ల డబ్బు అందుకుని వెంటనే మళ్లీ లెక్కపెట్టింది. మంచి నర్సు అవుతుంది. ఆఖరి మనిషికి అందాక మార్తక్క లేచి, చీర దులుపుకుని, కాయను పరంధామయ్య చేతిలో పెట్టింది.

"కొట్టుకో ఇగ."

కొట్టాడు. కాయ నాలుగు ముక్కలైంది. యూసుఫ్ భాయ్ వ్యాను స్టార్ట్ చేశాడు. నేను ఆ ముక్కల వైపు చూస్తూ, మాణిక్యం ఉంటే ఎంత మురిసిపోయేవాడో అనుకున్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకునేదేముంది.

రెండో భాగం

ఇక్కడితో ఆపితే మీరు చప్పట్లు కొట్టి లేచిపోతారు. నేను కూడా ఆపేద్దామనే అనుకున్నాను. కానీ ఖాళీ సంచి కారులో పెట్టడానికి పోయినప్పుడు, పరంధామయ్య, బావమరిది మాట్లాడుకోవడం విన్నాను.

"అంత డబ్బు ఇంతలోనే ఎక్కడిదిరా?"

"జహీరాబాద్‌లో సెట్టు వేశాం కదా బావా, రెండో భాగానికి. మొదటి రోజే ఓపెనింగ్ అదిరిపోయింది."

పరంధామయ్య మొహంలో మళ్లీ రంగు వచ్చింది. నన్ను చూసి దగ్గరికి వచ్చి, భుజం మీద చెయ్యి వేశాడు. "జరిగింది మనసులో పెట్టుకోకు సంగప్పా. రెండో భాగానికీ నువ్వే మేనేజరువి" అన్నాడు.

ఇంతసేపు నేను నా చేతులతో పంచింది ఎవరి డబ్బు? అక్కడ ఏ పిల్ల ఫీజు, ఎవరి కందులు? మా ఊరి గుంత పూడ్చడానికి పక్క ఊళ్లో గుంత తవ్వి మట్టి తెచ్చాడు. మేమేమో గెలిచామని గంతులు వేశాం.

మార్తక్క ఇంకా పొయ్యి దగ్గర గిన్నెలు సర్దుతోంది. చెప్పాను. కొంగున ముడేసిన డబ్బును ఒకసారి తడుముకుంది.

"వాపస్ ఇద్దామా అక్కా?" అన్నాను.

"ఎవరికిస్తవ్? ఇస్తే మళ్ల ఆయన జేబులకే పోతయ్. నా పిల్ల ఫీజు నేను కడత. ఆళ్లయి ఆళ్లకు ఇప్పిద్దాం." చేతులు కడుక్కుని, "గా రెండో సినిమాకు గూడ కాయ కొడతడు గద?" అంది.

"కొట్టకుండ ఉంటడా?"

"ఇగ లేటెందుకు. పొద్దుగాల్ల బస్సుకు పోదాం. గా ఊరి కూరగాయలోళ్లకు ముందుగాల చెప్పాలె, ఒక్క కాయ గూడ అమ్మొద్దని."

సోమవారం పొద్దున గ్రేసు సంగారెడ్డి బస్సెక్కింది. మేమిద్దరం జహీరాబాద్ బస్సెక్కాం. మార్తక్క ఒళ్లో నిన్నటిదాని కన్నా పెద్ద కాయ. కండక్టరు టికెట్లు కొట్టి, వంగి దాన్ని తట్టి చూశాడు.

"ఏం కాయమ్మా గిది! గిన్ని కూరలు ఎవరికి చేస్తవ్?"

"కూరకు గాదు బిడ్డా," అంది మార్తక్క. "వసూలుకు."